బర్తులయ్య గారి రొక్కవరం

రొక్కవరం ఎక్కడుందో మీకు తెలియకపోతే అది మీ తప్పు కాదు. మా కామయ్యలంకలోనే సగం మంది అది తునికి అవతల ఎక్కడో ఉందనుకునేవారు. కొండలూ రాళ్ళూ ఉన్న ఊరంటే మెట్టలోనే కదా ఉంటుంది అని వాళ్ళ లెక్క. అసలు సంగతేంటంటే, అది ఇటలీ దేశంలో కొండమీద ఒక చిన్న పల్లెటూరు. వాళ్ళ పలుకుబడిలో రొక్కవర్రా. మా నోట్లో పడ్డాక ఏ పేరైనా వరమో పురమో కాక తప్పదు కాబట్టి రొక్కవరం అయి కూర్చుంది. అక్కడి నుంచి వచ్చిన బర్తొలొమేయో అనే కుర్ర ఫాదరు బర్తులయ్య గారయ్యారు. నేను ఆయన దగ్గర ఉపదేశిని. అంటే ఆయన లేని రోజుల్లో గుడిలో ప్రార్థన చెప్పించడం, పిల్లలకి జపాలు నేర్పడం, ఆయన వెంట లంకలన్నీ తిరగడం నా పని. పేరు యెహెజ్కేలు. కోపిష్టి అని ఊళ్ళో అంటారు. అనేవాళ్ళని అననిస్తాను.

మా లంకలో పిల్లని ఎవరినైనా ఆపి, జిల్లా కలెక్టరాఫీసు ఎక్కడే అంటే బిక్కమొహం వేస్తుంది. అదే రొక్కవరం గురించి అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఏటా క్రిస్మస్‌కి గుడి గోడకి తెల్ల దుప్పటి కట్టి ఫాదర్ గారు ప్రొజెక్టరుతో ఆ ఊరి బొమ్మలు వేసి చూపించేవారు. కొండ చుట్టూ మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. కొండ నెత్తిన ఒక బురుజు. దాన్ని కట్టించిన అన్నదమ్ములు పోట్లాడుకుని మధ్యలో అడ్డగోడ లేపారట. వాళ్ళ వంశాలు పోయాయి గాని గోడ ఇంకా ఉంది. ఊరి నడుమ సింహం నోట్లోంచి నీళ్ళు పడే తొట్టి, ఆ సింహానికి ముక్కు లేదు. గుళ్ళో గోడమీద బొమ్మ గీసినవాడు పూటుగా తాగి గీశాడట, అందులో పునీతుడి చేతికి ఆరు వేళ్ళు.

అన్నిటికన్నా గంట కథ అంటే మాకు ఇష్టం. యుద్ధంలో సైనికులు వచ్చి గుడిగంటలన్నీ కరిగించి తూటాలు చేస్తుంటే, రొక్కవరం వాళ్ళు తమ గంటని దించి ద్రాక్షారసం పీపాలో ముంచి దాచారు. యుద్ధం అయ్యాక పైకి తీసి కడితే అది తాగినవాడి గొంతుతో మోగిందట. ఆ మోత ఎలా ఉండేదో ఫాదర్ గారు తూలుతూ నోటితో మోగించి చూపించేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, ప్రతిసారీ.

పూజకి వాడే ద్రాక్షారసం మన లంకలోనే తీద్దామని ఒక ఏడాది కడియం నుంచి ద్రాక్ష అంట్లు తెప్పించి గుడి వెనక పందిరి వేశారు. మా తేమకి తీగ ఆకులు మాత్రం ఏపుగా వేసింది. కాసిన ఒకటి రెండు గుత్తులు నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసిపోయాయి. ఆఖరికి మా ఆవిడ పాపాయి ఆ పందిరిమీదికి బీరపాదు పాకించింది. ఫాదర్ గారు రోజూ బీరకాయ పచ్చడి తింటూ, "ఈ సంవత్సరం పంట బాగుంది" అనేవారు.

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. జరిగిన రభసంతా ఆ మాట దగ్గరే జరిగింది. వాళ్ళ భాషలో 'మా'కీ, 'మన'కీ కలిపి ఒకటే మాటట. వచ్చిన కొత్తలో ఆయన నిఘంటువు దగ్గర పెట్టుకుని ప్రసంగం తయారుచేసుకున్నారు. "మా ప్రభువు మా పాపాల కోసం చనిపోయాడు. మా పరలోకం చాలా గొప్పది" అని గంభీరంగా ఎత్తుకున్నారు. ముందు వరసలో కూర్చున్న సువార్తమ్మ అనే ముసలావిడ లేచి నిలబడి, "మరి మా సంగతేంటండీ బాబూ? మాకేం లేదా?" అని అడిగేసింది. గుడంతా ఘొల్లుమంది.

పూజ అయ్యాక ఆయన మొహం చిన్నబుచ్చుకుని మెట్లమీద కూర్చుంటే పక్కన కూర్చుని చెప్పాను. "మా అంటే ఎదుటివాడు బయటండి. మన అంటే ఎదుటివాడు కూడా లోపలేనండి. అంతే తేడా."

ఆయన తల ఊపి, "అయితే ఫాదరుకి మా అనే మాటతో పనేంటి?" అన్నారు.

ఆనాటి నుంచి ఆయనకి అన్నీ మనవే. మన అమ్మ, మన జీపు, మన మోకాళ్ళ నొప్పులు. కామయ్యలంకా మన ఊరే, రొక్కవరమూ మన ఊరే. దిద్దబోయి దిద్దబోయి నాకు విసుగొచ్చింది. ఊరుకున్నాను.

తొంభై ఆరు తుఫాను వెళ్ళిన మరుసటేడు ఆయనలో తేడా కనిపించింది. పూజలో చదివిందే మళ్ళీ చదవడం, ఎప్పుడో పోయినవాళ్ళని పేరుపెట్టి అడగడం. తర్వాత్తర్వాత సాయంత్రం అయ్యేసరికి టోపీ పెట్టుకుని, చేతికర్ర పుచ్చుకుని, "మన ఊరు పోదాం పద" అని రేవు వైపు నడిచేవారు. ఏ మన ఊరు? అదే మాకు బోధపడేది కాదు. పాపాయి ఎదురెళ్ళి, "ఇదే కదండీ మన ఊరు" అంటే బుద్ధిగా వెనక్కి వచ్చేవారు. కాసేపటికి మళ్ళీ టోపీ వెతుక్కునేవారు. రాజమండ్రి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాను. ఇది వయసుతో వచ్చే మతిమరుపు, పెరగడమే తప్ప తగ్గదు అన్నాడు.

మా గుడి బాధ్యత ఫాదర్ ప్రసన్నకుమార్ అనే యువకుడికి ఇచ్చారు. చురుకైనవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. ఓ రోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"పెద్ద ఫాదర్ గారిని ఇటలీ తీసుకెళ్ళిపోవాలని ఆయన్ని ఇక్కడికి పంపిన గురువుల సభ పెద్దలు అంటున్నారండి. మేనల్లుడు వస్తున్నాడు. ఆయన చెల్లెలు గారింట్లో చూసుకుంటారట" అన్నాడు.

"ఎలా తీసుకెళ్తారండి? ఆయన వస్తువా, సామానా?" అన్నాను. ఒళ్ళు మండిపోయింది.

"ఆవేశపడకండి. ఆయన తన నోటితో ఇక్కడే ఉంటానంటే బలవంతం చెయ్యరు. మేనల్లుడే స్వయంగా అడుగుతాడు. ఆయన ఏదంటే అదే."

గుడికి ఉత్తరాన, ఒకప్పుడు కలరాలో పోయిన పిల్లల సమాధుల పక్కన తన చోటు ఏదో ఫాదర్ గారు నాకు చూపించి ఉన్నారు. ఇంకా తెలివి బాగున్న రోజుల్లో, కర్రతో నేలమీద గీత గీసి మరీ చూపించారు. ఆయన్ని ఆ చోట పెట్టడం నా చేతుల మీదుగా జరగాలని నా ఆశ. కొడుకు చెయ్యాల్సిన పని అది, ఆయనకి నేనున్నాను. ఎక్కడో కొండమీద, ఆయన కోసం ఒక్కరూ గుండె బాదుకోని చోట పూడ్చిపెడతారంటే నేనొప్పుకోను.

మేనల్లుడి పేరు ఎన్‌రీకో. మాకు హెన్రీ గారు. యాభై దాటిన మనిషి, బట్టతల, కారు దిగేసరికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మామయ్యని చూడగానే రెండు చేతులూ చాపి కౌగిలించుకున్నాడు. ఫాదర్ గారు కట్టెలా నిలబడిపోయారు. తర్వాత మర్యాదగా, "రండి రండి, కూర్చోండి. ఎక్కడి నుంచి వస్తున్నారండి?" అని తెలుగులో అడిగారు. అతను ఇటాలియన్‌లో ఏదేదో చెప్పాడు. ఆయన రేడియో విన్నట్టు విని, "మంచిదండి" అన్నారు.

సాయంత్రం అతిథికి ఊరు చూపిస్తానని ఫాదర్ గారే బయల్దేరారు. చేపల చెరువు గట్టుమీద నడుస్తూ మంచినీళ్ళ ట్యాంకు చూపించి, "అన్నదమ్ములు కట్టిన బురుజండి ఇది" అన్నారు. పంచాయతీ కుళాయి దగ్గర ఆగి, "సింహం" అన్నారు. వెనక వస్తున్న పిల్లలు ఒక్కసారిగా, "ముక్కు లేదండీ!" అని అరిచారు. ఒకడు ఆరు వేళ్ళు విప్పి చూపించాడు. ఇంకొకడు తూలుతూ గంట మోగించాడు. హెన్రీ గారికి తెలుగు రాకపోయినా అది చూసి అంతా అర్థమైంది. గట్టుమీదే కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ప్రసన్నకుమార్ గారు ఇంగ్లీషులో అడుగుతూ, మాకు తెలుగులో చెబుతూ, ఇప్పటి రొక్కవరం సంగతులు చెప్పించాడు. బురుజు ఎక్కాలంటే టికెట్టు కొనాలట. పీపాలుండే నేలమాళిగలో ఇప్పుడు దుకాణం పెట్టారు. బస్సుల్లో వచ్చినవాళ్ళు తలా ఒక గుక్క రుచి చూసి, సీసా కొనుక్కుని, ముక్కు లేని సింహం పక్కన ఫోటో దిగి వెళ్ళిపోతారు. కాపురం ఉన్న ఇళ్ళు కొన్నే. అందులో ఒకటి ఫాదర్ గారి చెల్లెలిది, అంటే హెన్రీ గారి అమ్మది. ఆవిడ అన్నగారి కోసం గదికి సున్నం వేయించి, మంచం వేయించి, దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదట.

నాకు ఆవిడ గురించి వినాలని లేదు. లేచి వచ్చేశాను.

మర్నాడు పాపాయి ఫాదర్ గారికి తల దువ్వి, తెల్ల అంగీ తొడిగి, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఎక్కడుంటారండీ మీరు?" "కామయ్యలంక." "ఎవరితో ఉంటారండీ?" "యెహెజ్కేలుతో." "ఆయ్! అదే చెప్పండి." ఆయన నవ్వి, జేబులోంచి చాక్లెట్టు తీసి ఆమెకిచ్చారు.

వరండాలో కుర్చీలు వేశారు. వీధిలో జనం. హెన్రీ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, మామయ్య చేతులు పట్టుకుని మెల్లగా అడిగాడు. అదే ప్రశ్న ప్రసన్నకుమార్ గారు తెలుగులో అన్నాడు. "ఫాదర్, మీరు ఎక్కడుండాలనుకుంటున్నారు?"

ఫాదర్ గారు తన చేతులు వెనక్కి తీసుకున్నారు. హెన్రీ గారి మొహంలోకి నిదానంగా చూశారు. "మా ఊరు వెళ్ళాలండి" అన్నారు.

పెద్దాయన మాట తడబడుతోంది కాబట్టి ఆయన ఏమన్నా అందరూ నా వైపే చూసేవారు. "ఏ ఊరంటున్నారండి, యెహెజ్కేలు గారూ?" అని ప్రసన్నకుమార్ గారు అడిగాడు.

మా ఊరు! మన ఊరు కాదు. ఆ మొదటి ప్రసంగం తర్వాత ఎన్నడూ ఆయన నోట రాని మాట. మోకాళ్ళ నొప్పుల్లో కూడా నన్ను కలుపుకున్న మనిషి, తీరా ఈ వేళ నన్ను గుమ్మం బయట నిలబెట్టాడు. మా అంటే ఏంటో మెట్లమీద కూర్చోబెట్టి నేర్పినవాణ్ణి నేనే కదా, నాకు కాక ఎవరికి అర్థమవుతుంది?

"రొక్కవరమండి" అన్నాను. "ఆయన సొంత ఊరికి వెళ్ళిపోతానంటున్నారు."

వీధిలో ఎవరో ఘొల్లున ఏడ్చారు. నేను ఏడవలేదు. ఇంటికెళ్ళి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి గోడవైపు తిరిగి పడుకున్నాను. పాపాయి వచ్చి, "నువ్వు సరిగ్గా విన్నావా?" అంది. "నీకు చెవుడా, నాకు చెవుడా?" అని విరుచుకుపడ్డాను. పాపం, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్రయాణం నాడు నేను ఆయన దగ్గరికి పోలేదు. అవును, అలిగాను. మతిలేని ముసలాయన మీద అలగడమేంటని మీరనొచ్చు. ప్రేమ ఉన్నచోట అలక రాకుండా ఉంటుందా? మిగతావాళ్ళు కాళ్ళమీద పడి ఏడుస్తున్నారు, ఆయన అందరి తలమీదా చెయ్యి పెడుతున్నారు. నేను ట్రంకు పెట్టె మోసుకుని ముందే రేవుకి వెళ్ళిపోయాను. అక్కడ కార్లూ బళ్ళూ ఎక్కే పంటు ఆగి ఉంది. ఏరు దాటితే నరసాపురం, అక్కడి నుంచి రైలు.

కారు వచ్చి వరసలో ఆగింది. డిక్కీలో పెట్టె పెట్టి, మొహం చూపించకుండా తప్పుకుందామనుకున్నాను. కారు కిటికీలోంచి చెయ్యి వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"యెహెజ్కేలూ! ఎక్కడికి పోయావు? ఎక్కు" అన్నారు ఫాదర్ గారు. గొంతులో భయం. పక్కనున్న హెన్రీ గారిని కంటితో చూపించి గొంతు తగ్గించారు. "ఈయనెవరో తెలియదు. మంచివాడిలాగే ఉన్నాడు గాని నన్ను ఎటో తీసుకుపోతున్నాడు. నిన్న కూడా చెప్పాను. నువ్వు చెప్పు." మళ్ళీ హెన్రీ గారి వైపు తిరిగి, వేడుకుంటున్నట్టు, "మా ఊరు వెళ్ళాలండి. మా వాళ్ళు గుడి దగ్గర కనిపెట్టుకుని ఉంటారండి" అన్నారు.

ఓర్నాయనో.

మా ఊరు వెళ్ళాలండి! ఆ 'అండి' నాకెందుకు వినపడలేదు? నన్ను ఏనాడూ అండి అనని మనిషి. ఆ మాట నాతో అన్నది కాదు, ఎదురుగా కూర్చున్న పరాయివాడితో అన్నది. నేను నేర్పింది నేర్పినట్టు, ఎదుటివాడు బయట, మేం లోపల. మేం అంటే ఆయనా నేనూ, పాపాయీ, గుడి దగ్గర కనిపెట్టుకున్న జనమూ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఒక మనిషిని బయట నిలబెట్టారు. ఆ మనిషి సొంత మేనల్లుడు.

"ఆపండి!" అని అరిచాను. పంటు మనిషి అప్పటికే కారుని రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. కారు ముందుకెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. "నేను తప్పు చెప్పానండి. మన అనకుండా మా అన్నారంటే అది పరాయివాడితో అన్న మాటండి, ఆయన అన్నది ఈ ఊరే. కామయ్యలంకే!"

ప్రసన్నకుమార్ గారు కారు ముందు సీట్లోంచి దిగొచ్చాడు. "యెహెజ్కేలు గారూ, ఇప్పుడేంటండి ఇది? అన్నీ అయిపోయాయి. మా అయితే ఏంటి, మన అయితే ఏంటి?"

"తెలుగువాడివేనా నువ్వు?" అన్నాను. ఒక ఫాదర్ని నువ్వు అనడం నా జన్మలో అదే.

అతను ఎర్రబడ్డాడు. కాని తెలుగువాడే కదా, ఒక్క క్షణం ఆగి తనలో తాను ఆ మాట అనుకుని చూసుకున్నాడు. మొహం మారిపోయింది. తిరిగి హెన్రీ గారికి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. చేతుల్తో గీత గీసి, ఇటు లోపల, అటు బయట అని చూపించాడు. హెన్రీ గారు చాలాసేపు విన్నాడు. తర్వాత మామయ్య వైపు తిరిగి ఏదో అడిగాడు. అది అంతకుముందు మాట్లాడిన భాషలా లేదు, బరువుగా, ముక్కుతో పలికే యాస. రొక్కవరం యాస.

ఫాదర్ గారి మొహంలో దీపం వెలిగింది. "నొయాల్త్రి" అన్నారు. అని, కిటికీలోంచి చెయ్యి చాపి నా గుండెమీద తట్టారు. తర్వాత హెన్రీ గారిని చూసి, కాదన్నట్టు వేలు ఊపారు.

దాని అర్థం తర్వాత ప్రసన్నకుమార్ గారు చెప్పాడు. మీ వాళ్ళంటే ఎవరు అని హెన్రీ గారు అడిగాడట. వాళ్ళ కొండమీది యాసలో, మేము, మిగతావాళ్ళు కాదు, అని గట్టిగా చెప్పడానికి ఆ మాట అంటారట. మరి వాళ్ళకీ ఉందిగా మా!

హెన్రీ గారు కారు దిగి, వెనక్కి వెళ్ళి, ట్రంకు పెట్టె తానే దించి ఇసకలో పెట్టాడు. బరువుకి చెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. చూసుకోలేదు. ఫాదర్ గారిని నేను చెయ్యి పట్టి దింపాను. గెలిచాననుకోవాలి కదా. ఆ మనిషి పెట్టె పక్కన నిలబడ్డ తీరు చూస్తే నాకు గెలిచినట్టు లేదు. సున్నం వేయించిన గదీ, ఎవర్నీ కూర్చోనివ్వని మంచమూ అప్పుడు గుర్తొచ్చాయి. ఆవిడకి ఇతను ఇంటికెళ్ళి ఏం చెబుతాడు?

అతను కారులోంచి చిన్న టేపు రికార్డరు తీశాడు. ప్రసన్నకుమార్ గారితో ఏదో చెప్పాడు.

"వాళ్ళమ్మగారికి ఒక్క మాట చెప్పమంటున్నాడండి. ఏ భాషైనా ఫరవాలేదట. మీరు అడగండి, మీరడిగితేనే చెబుతారు."

హెన్రీ గారు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. నేను ఆయన చెవి దగ్గర వంగాను. "అయ్యగారూ, రొక్కవరంలో మీ చెల్లెలు గారున్నారు కదండి. ఆవిడకి ఒక మాట చెప్పండి."

ఆయన రికార్డరు వైపు వంగారు. ఎంతో మర్యాదగా, నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతూ అడిగారు.

"ఎవరి చెల్లెలండి?"

మీట ఆపిన చప్పుడు వినపడింది. హెన్రీ గారు నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళతో. ప్రసన్నకుమార్ గారు అర్థం చెప్పబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మకి గొంతు చాలు, గొంతు ఏమీ మారలేదు, రోజూ పెట్టుకుని వింటుంది అన్నాడట. క్యాసెట్టు తీసి, చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు.

ఆ గొంతు ఏమడిగిందో నేను చెప్పలేకపోయాను. ప్రసన్నకుమార్ గారూ చెప్పలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పంటు కదిలింది. హెన్రీ గారు కమ్మీ పట్టుకుని మా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఫాదర్ గారు టోపీ తీసి ఊపారు.

"ఎవరోగాని మంచి మనిషి" అన్నారు. "పాపం, ఒక్కడే వెళ్తున్నాడేంటి?"

ఎండ ఎక్కుతోందని ఆయన చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించాను.